జంట గీతలు

“మీవారు మీకేమవుతారు?”

“మేనమామండి. మా అమ్మకి సొంత తమ్ముడు.”

డాక్టర్ ఛాయాదేవి పెన్ను ఆగింది. ముందున్న కాగితం మీద ఒక చదరం, ఒక సున్నా ఉన్నాయి. చదరం గోపీనాథ్, సున్నా రాజేశ్వరి. ఆ రెండింటినీ కలుపుతూ ఒక గీత గీసింది. దాని కిందే ఇంకో గీత గీసింది.

“రెండు గీతలెందుకండీ?”

“రక్తసంబంధంలో పెళ్ళయితే అలా గీస్తామమ్మా.”

నాలుగో నెల పరీక్షకని పొద్దున్నే పెడనలో బస్సెక్కి విజయవాడ వచ్చింది రాజేశ్వరి. తోడుగా తల్లి పున్నమ్మ వచ్చింది. డాక్టరు ఇప్పుడు ఆవిడ వైపు తిరిగింది.

“మీకెంతమందమ్మా పిల్లలు?”

“ఇదొక్కతేనండి.”

“పోయినవేమైనా ఉన్నాయా?”

పున్నమ్మ పైటచెంగు సర్దుకుంది. “మూడండి.”

రాజేశ్వరి ఉలిక్కిపడి తల్లిని చూసింది. ఇరవై మూడేళ్ళలో ఆ మాట ఒక్కసారీ ఆమె చెవిన పడలేదు.

“రెండు కడుపులోనే పోయాయండి. ఒకటి పుట్టి మూడ్రోజులుంది. అప్పుడు షోలాపూర్లో ఉండేవాళ్ళం. మా ఆయన మరమగ్గాల్లో పనిచేసేవారు. ఆ తర్వాత దీన్నెత్తుకుని ఊరొచ్చేశాం.”

“మీదీ మేనరికమేనా?”

“మేనత్త కొడుకేనండి.”

కాగితం మీద పై వరసలో ఇంకో జంట గీత పడింది.

“చూడమ్మా, ప్రతి మనిషిలోనూ ఏవో కొన్ని చెడ్డ జన్యువులు దాక్కుని ఉంటాయి. పైకి కనపడవు. ఒకే కుటుంబంలో పెళ్ళయితే అదే చెడు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకొచ్చి జతపడొచ్చు. మామూలుగా వందలో ముగ్గురికి ఏదో లోపం ఉంటుంది. మీలాంటి సంబంధంలో పది అనుకోండి. మిగతా తొంభై మంది చక్కగా పుడతారు. భయపడకండి, వచ్చే నెల స్కాన్ చేద్దాం.”

“స్కాన్‌లో అన్నీ తెలుస్తాయా?”

“అన్నీ తెలియవమ్మా.”

తొంభై మంది గాలికి పోయారు. ఆ పదిమందే రాజేశ్వరి గుండెల మీద ఎక్కి కూర్చున్నారు.

ఆ రోజు నుంచి ఆమెకి ముద్ద దిగలేదు. మగ్గం మీద కూర్చున్న గోపీనాథ్ చేతిని చూస్తే ఒళ్ళు జలదరించేది. అతని చిటికెన వేలు లోపలికి వంగి ఉంటుంది. పున్నమ్మ వేలూ అంతే. తన వేలు మాత్రం తిన్నగానే ఉంది. ఉంటే మాత్రం ఏం లాభం, లోపల దాక్కుని ఉంటుందనేగా డాక్టరమ్మ చెప్పింది!

పున్నమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. “ఏం కాదే. పండంటి బిడ్డ పుడుతుంది,” అనేది బియ్యం చెరుగుతూ.

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

ఆ ధీమా చూస్తే రాజేశ్వరికి ఒళ్ళు మండేది. పెళ్ళప్పుడూ ఇదే ధీమా. మచిలీపట్నం నుంచి మంచి సంబంధం వస్తే, పిల్ల తన కళ్ళముందే ఉండాలని పంతం పట్టి తమ్ముడితో ముడిపెట్టింది.

ఐదో నెల వచ్చాక ఒక మధ్యాహ్నం కడుపులో చేపపిల్ల మెదిలినట్టు మెదిలింది. ఇంకొకరైతే మురిసిపోయేవాళ్ళు. రాజేశ్వరి పొట్ట మీంచి చెయ్యి తీసేసింది. ఆ కదిలేదానికి కళ్ళున్నాయో లేవో, పుట్టి మూడ్రోజులుంటుందో ఉండదో! ప్రాణమని తెలిశాక భయం రెట్టింపైంది.

“తీయించేసుకుంటాను మావయ్యా. కని పోగొట్టుకునే శక్తి నాకు లేదు.”

గోపీనాథ్ మగ్గం మీంచి లేచి వచ్చాడు. “నాకు నువ్వుంటే చాల్లే రాజీ,” అన్నాడు. ఆ రోజు మగ్గం ఆడలేదు.

మర్నాడు ముగ్గురూ విజయవాడ వెళ్ళారు. డాక్టరు నచ్చజెప్పి చూసింది, స్కాన్ దాకా ఆగమంది. రాజేశ్వరి వినలేదు. “సరే, ఈ ఒప్పుకోలు కాగితం తీసుకెళ్ళి పావుగంట బయట కూర్చోండి. అప్పటికీ అదే మాటయితే సంతకం పెట్టండి,” అందావిడ.

గోపీనాథ్ అక్కడ ఉండలేక కిందికి దిగి ఎస్టీడీ బూత్ పక్కన నిలబడ్డాడు. వరండా బల్ల మీద తల్లీకూతుళ్ళే మిగిలారు. రాజేశ్వరి పెన్ను మూత తీసింది. పున్నమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

“వద్దే. నా మాట విను. బిడ్డకేం కాదు.”

“మళ్ళీ అదే మాట! ఎలా తెలుసో చెప్పవేం?”

పున్నమ్మ రెండో చేత్తో కాగితం లాక్కోబోయింది. రాజేశ్వరి దాన్ని పక్కకి జరిపింది.

“మేనరికం చేసుకుని ముగ్గుర్ని మట్టిలో పెట్టావు. నీకంటే బాగా ఎవరికి తెలుసమ్మా ఆ బాధ? అయినా నన్ను తీసుకెళ్ళి నీ తమ్ముడికే కట్టబెట్టావు. తెలిసి తెలిసీ ఎందుకు చేశావు? చెప్పు. చెప్పకపోతే సంతకం పెట్టేస్తాను.”

పెన్ను కాగితానికి ఆనింది. మణికట్టు మీద పున్నమ్మ పట్టు బిగిసింది. ఇన్నాళ్ళూ రాయిలా ఉన్న ఆ మొహంలో మొదటిసారి భయం కనిపించింది, బిడ్డ చేజారిపోతుందని తల్లికి కలిగే భయం. ఆవిడ కూతురి కళ్ళలోకి చూడలేక తల దించుకుంది.

“నువ్వు నా కడుపున పుట్టలేదు, రాజీ.”