జానెడు కింద

అటవీ శాఖ తనిఖీ అధికారి రామలింగం అడవి నుంచి తెచ్చిన కర్రను జాఫర్ ఇంటి గోడకు ఆనించాడు. చెట్ల మీది తారు గీతలు ఎంత ఎత్తున ఉన్నాయో, సరిగ్గా అంత ఎత్తుకు కోయించి తెచ్చాడు దాన్ని.

"లే జాఫర్ భాయ్. దీని పక్కన నిలబడు."

జాఫర్ నులక మంచం పట్టుకుని లేచాడు. ఆరడుగుల మనిషి. అడవి జ్వరం ఒంట్లో కండంతా తినేసింది కానీ ఎత్తును మాత్రం వదిలేసింది. కర్ర అతని పొట్ట దగ్గరే ఆగిపోయింది.

"చెట్టును ఛాతీ ఎత్తున కొలిచి గీత పెట్టాలె. గీతలన్నీ జానెడు కింద ఉన్నయి. కూసొని కొలిచినవా ఏంది?"

జాఫర్ నవ్వలేదు. దబీర్‌పురా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడింది.

"నిలబడే కొలిచిన సాబ్."

అడవంతా ఎవరూ కొలవలేరు. అక్కడక్కడ తాడు లాగి చదరాలు వేస్తారు. ఆ చదరాల్లోని చెట్లను కొలిచి, మొత్తం అడవికి లెక్క కడతారు. చెట్టు కిందికి పోయేకొద్దీ లావు. అందుకే చదరాల్లో జానెడు తప్పు అడవంతా పాకింది. లేని కలప ఉన్నట్టు తేలింది.

"లడాయి రోజులు. రైలు పట్టాలకు చెక్కలు కావాలని గుత్తేదారు కాచుకొని కూసున్నడు. కలప మస్తుగుందంటే, చెట్లు మస్తుగ కొట్టుకొమ్మని హుకుం వస్తది. నీకేం ముట్టజెప్పిండు?"

"అల్లా కసం సాబ్, నాకేం ముట్టలే."

"ఒక్క చెట్టయితే చెయ్యి జారిందనుకుంటం. అన్నిటికీ ఒకటే ఎత్తాయె! సంగతి చెప్పకుంటే నౌకరీ పోతది భాయ్. కేసు గూడ అయితది."

జాఫర్ మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు. కొలతలప్పుడు జ్వరపు చలితో వణికిన ఆ వేసవి, గుడారం, మీద కప్పిన గొంగళ్ళు గుర్తొచ్చాయి.

"పని ఆగితే జీతం ఆగుతది సాబ్. పని ఒక్క దినం గూడ ఆగలే."

పరదా కింది నుంచి ఒక గాజుల చెయ్యి చాయ్ కప్పును ముందుకు జరిపింది. జాఫర్ భార్య అక్తరున్నీసా. వేసవంతా గుడారంలో అతనికి కషాయం కాచి పోసింది ఆమే.

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి జీ," అంది లోపలి నుంచి.

"చుప్! నువ్వు మాట్లాడకు." జాఫర్ గొంతులో కోపానికి కూడా ఓపిక లేదు. "తప్పు నాదే సాబ్. లంచం తిన్నడని రాసుకోండ్రి. ఇంక అడగకుండ్రి."

రామలింగం నిట్టూర్చి కలం మూత తీశాడు.

అంతలో పరదా జరుపుకుని అక్తరున్నీసా బయటికొచ్చి, తల దించుకుని ఆ కర్ర పక్కన నిలబడింది. దాని కొన సరిగ్గా ఆమె ఛాతీ ఎత్తుకు వచ్చింది.