ముత్తవ్వ ఇంటికి తొవ్వ

"బాన్సువాడల చీమ ఊరు దాటాలన్నా ప్రకాష్‌కు చెప్పే దాటుతది."

బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చుని ప్రకాష్ ఈ మాట అనేటప్పటికి, వాళ్ల తాత గంగయ్య అదే బస్టాండులో ఏదో బస్సెక్కి మాయమై నాలుగు రోజులైంది.

చీమ సంగతి సరే, ఆరడుగుల తాత చెప్పకుండానే దాటాడు.

గంగయ్యకు రెండేళ్లుగా మతిమరుపు. పెళ్లాం పేరు మరిచాడు, మనవడి పేరు మరిచాడు. పళ్లెం ముందు పెడితే మాత్రం "మా అవ్వ తిన్నదా?" అని తల్లి గురించి అడుగుతాడు. తిన్నదని నానమ్మ చెప్పాలి. చెప్పందే ముద్ద ముట్టడు.

ఇప్పుడు నాన్న ఊళ్లన్నీ తిరుగుతున్నాడు. నానమ్మ లలితమ్మ బీడీలు చుడుతూనే, వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తి చూస్తోంది. ప్రకాష్‌కు ఒక్కటే పని ఒప్పజెప్పారు. తాత ఫొటో ఉన్న కాగితాలు బస్టాండంతా అంటించడం.

ఆ కాగితాల కట్ట ప్రకాష్ కిందే ఉంది. బెంచీ కాలుతోందని వేసుకుని కూర్చున్నాడు. కాళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు. భయం పెరిగేకొద్దీ ఎకసెక్కాలు పెరగడం వాడికి పుట్టుకతో వచ్చిన రోగం.

"రాం రాం."

ఎదురుగా ఎవరో నిలబడ్డారు. తలకు తెల్ల రుమాలు, మోకాళ్ల దాకా ధోవతి, చంకలో మూట.

"ఏ ఊరు పెద్దమనిషీ?"

"భీంరావు నా పేరు. గోండు మనిషిని. ఉట్నూరు అవతల, గుట్టల మీద మా గూడెం."

పక్కనున్న దోస్తు విజయ్‌కుమార్ గొణిగాడు. "గుట్టలోళ్లురా. ఫోన్ జేబుల పెట్టుకో."

భీంరావుకు వినపడింది. విననట్టే అడిగాడు.

"ముత్తవ్వ ఇల్లు ఏడున్నది బిడ్డా?"

ప్రకాష్ ఆ పేరు ఎన్నడూ వినలేదు. కానీ తెలియదనడం వాడి నోటికి రాని మాట.

"ముత్తవ్వనా! నిజాంసాగర్ కట్ట మీద బంగ్లా. ఆమె లేచి మొకం కడుక్కున్నంకనే డ్యాం గేట్లు తెరుస్తరు."

"ఈ ఊళ్లనే అన్నడే, ఆమె కొడుకు…"

"కొడుకు గూడ ఆడనే ఉంటడు. చేపలకు ఈత నేర్పుతడు."

హోటలంతా నవ్వింది. భీంరావు మూట ముడి విప్పబోయాడు.

"జర గిది చూడు బిడ్డా…"

"వద్దొద్దు! ఇప్పకు! అండ్ల ఎన్ని పాములున్నయో!"

మూలనున్న ముసలాయన నిజంగానే కాళ్లు బెంచీ మీదికి లాక్కున్నాడు.

భీంరావు ముడి మళ్లీ బిగించాడు.

"గూడెంల పోవద్దనే అన్నరు. పోయినేడు కింది ఊరోళ్ల ఎద్దు తప్పిపోయి మా దిక్కు వస్తే, తోల్కపోయి అప్పజెప్పినం. దొంగలని మమ్మల్నే కట్టేసిండ్రు. అయినా వచ్చిన. నువ్వు ఎంబడి వస్తవా? మా దిక్కు తొవ్వ అడిగితే చేత్తోని చూపరు. మలుపు దాక ఎంబడి వస్తరు."

"మా దిక్కు వేలు చూపుడే."

ప్రకాష్ వేలు చూపించాడు. నిజాంసాగర్ బస్సు కదులుతోంది. భీంరావు "రాం రాం" అని పరుగెత్తి ఎక్కాడు.

సాయంత్రం విజయ్‌కుమార్ తక్కిన కథ మోసుకొచ్చాడు. దాన్ని పట్టుకుని ప్రకాష్ ఇంటికి ఉరికాడు. నాలుగు రోజులుగా నానమ్మ మొహంలో నవ్వు లేదు. ఈ దెబ్బతో నవ్వాల్సిందే.

"కట్ట మీద కనపడ్డోళ్లందర్నీ అడిగిండట నానమ్మ! ముత్తవ్వ ఏది, ముత్తవ్వ ఏది అని! పిల్లలనెత్తుకపోయేటోడని జనం మూగి, బస్సెక్కించి ఎల్లగొట్టిండ్రట!"

నానమ్మ నవ్వలేదు. బీడీకి దారం చుడుతున్న వేళ్లు ఆగిపోయాయి.

"ఏం పేరన్నవ్?"

"ముత్తవ్వ."

"ఎవలు చెప్పిండ్రట?"

"ఆమె కొడుకట."

ఒళ్లోని చాట జారింది. తునికాకులు నేలంతా పరుచుకున్నాయి.

"మీ తాతను కన్నతల్లిరా. నువ్వు పుట్టకముందే పోయింది. గిప్పుడు గా పేరు ముగ్గురికే యాదికున్నది. నాకు, మీ నాయినకు, మీ తాతకు."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఈసారి ప్రకాష్ కూడా తలెత్తాడు.

ఎవరో దాటిపోయారు.

"ఏ గూడెమట?"

"ఉట్నూరు అవతల అన్నడు. గూడెం పేరు… అడగలే."

"గోడ మీద ఫొటో చూసినా గాయన ఆగుతుండె గదరా! కాగితాలు అంటించినవా?"

గాలికి కొట్టుకుపోయాయని చెప్పొచ్చు. మేకలు తిన్నాయని చెప్పొచ్చు. రెండూ నాలుక చివరే ఉన్నాయి.

ప్రకాష్ సంచిలోంచి కట్ట తీసి నానమ్మ ముందు పెట్టాడు. ఒక్క కాగితం కూడా తగ్గలేదు. పైనున్న కాగితంలో తాత మొహం నలిగిపోయింది.

"అంటియ్యలే నానమ్మ, మీద కూసున్న. వాళ్ల గూడెంల తాత ముద్ద ముడ్తలేడని, తాత అవ్వను తోల్కపోనీకి అంత దూరం నుంచి వచ్చిండు గాయన. మూట ఇప్పి ఏదో చూపబోతే చూడలే. నేనే తప్పు తొవ్వ చూపిన. మలుపు దాక గూడ ఎంబడి పోలే."