మీట మీద వేలు పడకముందే

తెల్లవారేలోగా కొత్త రహస్య కోడ్ తయారవ్వకపోతే ఆసుపత్రి కంప్యూటర్లు తెరుచుకోవు. కోడ్‌కు ఎవరూ ఊహించలేని అంకెలు కావాలి. మనిషి ఇష్టమొచ్చినట్టు కీబోర్డు బాదుతుంటే ప్రోగ్రాం వాటిని ఏరుకుంటుంది. తెర మీద గీత నిండేదాకా బాదడమే రాత్రి ఆపరేటరు పని.

ఆమె టకటకా బాదింది. గీత కదల్లేదు. "ఇవి ముందే వచ్చాయి" అని తెర మీద పడింది.

అక్కకు ఫోన్ చేసింది. తనకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నది అక్కే.

"కళ్ళు మూసుకుని కొట్టవే, పిచ్చిదానా! చూస్తే వేళ్ళు అలవాటైన చోటికే పోతాయి."

కళ్ళు మూసుకుని, మోచేత్తో కూడా కొట్టింది. కీబోర్డు టకటకలు, ఫ్యాన్ల హోరు తప్ప గదిలో మరో చప్పుడు లేదు. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ అదే మాట. ఈసారి కింద పాత వరుస కూడా ఉంది. ఆమె ఇప్పుడు కొట్టినదే, మోచేయి తగిలిన చోటుతో సహా ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తేదీ చూస్తే, ఆమె ఉద్యోగంలో చేరకముందుది.

"అక్కా, ఇవి నువ్వు కొట్టినవా?"

"నేను కొట్టినవీ అంతకుముందే ఉండేవే. అందుకే మానేశా."

ఆమె ఫోన్ పెట్టేసి చేతులు వెనక్కి కట్టుకుంది. ఇక ముట్టదు. ప్రోగ్రాం ఏం చేస్తుందో చూద్దాం.

"ఇక్కడ ఆగారు. ఇదీ ముందే వచ్చింది" అని తెర మీద పడింది.

గభాలున మొహం తిప్పేసుకుంది. వెనక తెర వెలుగు గోడ మీద ఒకసారి మిణుకుమంది. ఇంకో వరుస పడింది. ఆమె చూడలేదు.

చూడదని కూడా అందులో రాసే ఉంటుంది.