వెన్నెల అనే ఓడ

"సార్, రంగు మార్చుకోండి, కుర్చీలు మార్చుకోండి. పేరు మాత్రం మార్చకండి."

కొత్త యజమాని ఆమెకేసి వింతగా చూశాడు. ఓడ కొని వారం కాలేదు. గదులు ఊడ్చే మనిషి వచ్చి తనకు సలహా చెబుతోంది.

"వెన్నెల ఏం పేరమ్మా? చప్పగా లేదూ?"

"పలకడానికి సులువు సార్. ఎవరికైనా ఇట్టే గుర్తుంటుంది."

ఆయన నవ్వేశాడు. మధ్యాహ్నానికల్లా పెయింటర్ తాళ్లకు వేలాడుతూ పాత పేరు మీద తెల్లరంగు పులిమి, "సాగర రాణి" అని రాసేశాడు. ఆమె రేవులో నిలబడి చివరి అక్షరం దాకా చూసింది.

అప్పటికి ఆమెకు ముప్పై దాటలేదు. ఓడలో వాళ్లు "చెల్లాయ్" అని పిలిచేవాళ్లు.

సాగర రాణి ఎనిమిదేళ్లు దర్జాగా తిరిగింది. కడుపు నిండా కార్లు, పైన మూడంతస్తుల్లో జనం, డాన్సు హాలు. ఆమెకు ఊపిరాడని పని. అయినా ఓడ రేవుకు చేరితే చాలు, చీపురు ఎక్కడిదక్కడ పడేసి మెట్ల దగ్గరకు పరిగెత్తేది. ఎక్కేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసేది. చివరి మనిషి ఎక్కాక మెల్లగా వెనక్కి వచ్చేది.

మొదటి కెప్టెన్ మీద మనసు పడి అతని కోసమే కాచుకుందని వంటవాళ్లు చెవులు కొరుక్కునేవాళ్లు. ఆమె విననట్టే ఉండేది.

తర్వాతి యజమాని ఓడను పేకాట క్లబ్బు చేశాడు. పేరు "రాజహంస". పేరుతో పాటు దారీ మారింది. పాత రేవుకు ఇక పోదన్నారు. ఆమె మేనేజరు కాళ్ల మీద పడినంత పని చేసింది.

"నెలకొక్కసారైనా అక్కడ ఆపండి బాబూ."

"అక్కడ నీకు ఎవరున్నారక్కా?"

ఆమె మళ్లీ చేతులు జోడించింది.

సెలవు దొరికితే అందరూ ఇళ్లకు పోయేవాళ్లు. ఆమె పాత రేవుకు పోయేది. టికెట్ల కిటికీ ముందు నిలబడి గుమాస్తాకు అప్పజెప్పేది.

"వెన్నెల ఓడ ఏదని ఎవరైనా అడిగితే, పేరు మారిందని చెప్పండి బాబూ. రాజహంస అని. మర్చిపోరుగా?"

"సరేలేమ్మా" అనేవాడు అతను, చిల్లర మీంచి తల ఎత్తకుండా. మళ్లీ వెళ్లేసరికి కిటికీలో ఇంకో మొహం ఉండేది. మళ్లీ మొదట్నుంచీ చెప్పుకొచ్చేది.

నాలుగో యజమాని చేతికి వచ్చేసరికి ఓడ పని అయిపోయింది. ఇంజన్లు మొరాయించాయి. ఎక్కడో దూరాన గట్టుకు కట్టేసి, రేవు కట్టే కూలీలకు బసగా మార్చారు. పేరు కూడా లేదు, నంబరు వేశారు.

"ఒడ్డున పెద్ద హోటల్లో పని ఇప్పిస్తా, వచ్చెయ్ పిన్నీ" అన్నాడు కూలీల మేస్త్రీ.

"ఈ ఓడ వదిలి ఎక్కడికీ రాను."

ఆమెకు పిచ్చి ముదిరిందనుకున్నారు.

చివరికి ఓడను తుక్కుకు అమ్మేశారు. పోటు వేళ టగ్గు పడవలు ఈడ్చుకొచ్చి బురద ఒడ్డుకు ఎక్కించాయి. కాపలా మనుషులతో పాటు ఆమె కూడా వచ్చింది. తల ముగ్గుబుట్టయింది. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగడానికి పూట పట్టింది.

ఉప్పుగాలికి రంగులన్నీ పెచ్చులూడిపోయాయి. నంబరు రాలింది, హంస రాలింది, రాణి రాలింది. అడుగున మొదటి పేరు బయటపడింది. ఆమె దాన్ని చూస్తూ బురదలోనే నిలబడిపోయింది.

గ్యాస్ కట్టర్ భుజాన వేసుకుని కోత మేస్త్రీ నిచ్చెన ఆనించాడు.

"నాయనా, ఆ పేరున్న రేకు ఆఖర్న కొయ్యి."

"కుదరదు మామ్మా. ఒడ్డువైపుది కదా, ముందు అదే కొయ్యాలి."

"నాలుగు రోజులాగు. పోనీ, రెండ్రోజులు."

"ముక్కలైపోయే ఓడకి ఇక పేరెందుకు మామ్మా?" అన్నాడతను జాలిగానే, మంట వెలిగిస్తూ.

ఆమె ఆ రేకు మీంచి చూపు తిప్పలేదు.

"పాత రేవులో, ఆ జనంలో నా చెయ్యి జారి తప్పిపోయిన ఆరేళ్ల పిల్లకి నేను నేర్పిన చిరునామా ఒక్కటే నాయనా, 'మా అమ్మ వెన్నెల ఓడలో ఉంటుంది' అని."