ఆదివారం కుకీలు

"చెయ్యి తియ్యి!"

ఆర్లీన్ చెక్క గరిటెతో ఒక్కటిచ్చింది. లైల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పటికే ఒక చాక్లెట్ ముక్క వేళ్ల మధ్య చిక్కింది. నోట్లో వేసుకున్నాడు.

"దొంగబుద్ధి పోలేదు," అంది మొగుణ్ణి చూసి.

"ఒక్క ముక్కకే దొంగనా?"

"నిన్ను వెళ్లగొట్టింది చాక్లెట్ తిన్నందుకా?"

ఇది మా నాన్న కట్టిన ఇల్లు, తాగొచ్చేవాడికి చోటు లేదు అని ఏప్రిల్లో ఆర్లీన్ అతన్ని బయటికి పంపింది. ఇప్పుడు అక్టోబరు. అప్పట్నుంచీ తమ్ముడి గరాజ్ మీద గదిలో పడుంటున్నాడు. నిన్న ఆమే ఫోన్ చేసి, పొద్దున్నే రమ్మంది. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు. బట్టల సంచి కూడా ట్రక్కులో పడేసుకుని వచ్చాడు.

"మందు ముట్టి చాన్నాళ్లయింది. కావాలంటే వాసన చూడు."

"నా ముక్కుకి వేరే పనుంది. వరండా మెట్టు ఊగుతోంది, మేకు కొట్టు. ఇంటి ముందు ఆకులు ఊడ్చు."

"సంచి లోపల పెట్టుకోనా?"

"ముందు పని కానీ."

వద్దనలేదు కదా. లైల్‌కి అది చాలు.

మెట్టు బిగించాడు. మేపుల్ ఆకులన్నీ పోగేశాడు. చలికి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికొచ్చేసరికి మొదటి ట్రే ఓవెన్‌లో ఉంది. వెన్న కరిగి, ఓట్స్ వేగి, చాక్లెట్ మెత్తబడిన వాసన. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆర్నెల్లుగా డబ్బా సూపు తాగుతున్న మనిషి.

ఆమె చెంచాతో ముద్దలు తీసి రెండో ట్రే మీద పెడుతోంది.

"రెండూ ఒకేసారి పెట్టెయ్యొచ్చుగా?"

"ఒకటి తీశాకే ఇంకోటి. వాళ్లొచ్చేదాకా ఓవెన్ ఖాళీగా ఉండకూడదు."

"ఎవరు వాళ్లు?"

"వస్తారు. చూస్తావుగా."

ఇంకెవరు, ఆర్లీన్ వాళ్లక్కా బావా అయ్యుంటారు అనుకున్నాడు లైల్. పెళ్లయిన దగ్గర్నుంచీ వీళ్ల పంచాయితీలన్నీ ఆ ఇద్దరే తీర్చారు.

"మీ అక్క నాలుగు చీవాట్లు పెడుతుంది. పెట్టనీ. తల దించుకు వింటాను," అన్నాడు.

ఆర్లీన్ ముద్దలు పెట్టడం ఆపింది. ఏదో అనబోయి మళ్లీ చెంచా అందుకుంది.

లైల్ హాల్లోకి తొంగిచూశాడు. గోడలు కొత్తగా మెరుస్తున్నాయి. "మన పెళ్లి ఫోటో ఏదీ?"

"రంగు వేయించాను. తీశాను."

"తగిలించనా? సుత్తి చేతిలోనే ఉంది."

"వద్దు. ఇప్పుడు గోడకి చిల్లులు పెట్టకు."

వంటింటి తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టింది.

"వేడంతా హాల్లోకి పోతోంది," అన్నాడతను.

"పోనీ. వాసన ఇల్లంతా పట్టాలి."

మొదటి ట్రే బయటికొచ్చింది. అంచులు ఎర్రగా కాలాయి, నడిమి భాగం ఇంకా మెత్తగానే ఉంది. లైల్‌కి అలాగే ఇష్టం. గుర్తుంచుకుంది, అనుకున్నాడు. రెండోది లోపలికి తోసి, వేడివేడి కుకీల్ని పింగాణీ పళ్లెంలో పేర్చింది.

అతను చెయ్యి చాచాడు.

"నీక్కాదు."

"మరెవరికి? మీ అక్కకి షుగరు!"

ఆర్లీన్ పెదవి కాస్త వంగింది. నవ్వేమో. "నీ నోరు మాత్రం తగ్గలేదు," అంది. పళ్లెంలోంచి విరిగిన కుకీ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది తిను. విరిగింది వాళ్లకి పెట్టలేను."

అతను నిలబడే తిన్నాడు. వేలికంటిన చాక్లెట్ కూడా నాకాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆర్లీన్, ఇక చచ్చినా తాగను. నీ మీద ఒట్టు."

"కూర్చో లైల్. నీతో ఒక మాట చెప్పాలి. నిన్నే ఫోన్లో చెప్పాల్సింది. నోరు రాలేదు."

"చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

"నీకు తెలీదు. కూర్చో."

"తెలుసంటుంటే! ఈ కుకీలు చూస్తే తెలీదా? ఇన్నేళ్లు కాపరం చేశాం."

ఆమె వెనక నుంచి పిలుస్తూనే ఉంది. అతను వినిపించుకోలేదు. పరుగులాంటి నడకతో ట్రక్కు దగ్గరికెళ్లి, సంచి భుజానేసుకుని తిరిగొచ్చాడు. వరండా ఎక్కుతుండగా ఇంటి ముందు కారు ఆగింది.

వాళ్లక్కా బావా కాదు. ఎవరో కుర్ర జంట. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, మంచి బట్టల్లో ఉన్నారు. అమ్మాయి ఇంటిని కిందనుంచి పైదాకా చూస్తోంది. అబ్బాయి వెనకే నడిచొస్తున్నాడు.

ఎవరైతేనేం, మా ఇంటికొచ్చిన చుట్టాలు అనుకున్నాడు లైల్. సంచి గోడవార దించి, తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల రెండో ట్రే కుకీల వాసన ఒక్కసారిగా బయటికి కొట్టింది.

"రండి రండి. వేడిగా ఉన్నాయి," అన్నాడు ఇంటి యజమానిలా.

అమ్మాయి గడపలో ఆగింది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. కళ్లు తెరిచి జాలిగా అతని మొహంలోకి చూసింది.

"ఇంత కమ్మటి వాసనొచ్చే ఇల్లు అమ్ముకోడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?"