ఛార్జింగ్ పెట్టె మనిషి

చెక్కి ఇచ్చిన కొబ్బరి బొండాన్ని ఆ కొత్త మనిషి ముట్టుకోలేదు.

“వద్దండి” అన్నాడు.

అసిరయ్యకి ఒళ్ళు మండింది.

అసలు పొద్దుట్నుంచీ మండుతూనే ఉంది. తుపాను పోయింది గానీ కరెంటు రాలేదు. కొబ్బరిచెట్లతో పాటే స్తంభాలూ పడిపోయాయి. చెట్లు కోసే మిషన్లు వజ్రపుకొత్తూరు దాటి ఇటు రాలేదు. ఫొటోలు తీసుకునేవాళ్ళు మాత్రం వచ్చి వెళ్ళారు.

ఇంట్లో భార్య బంగారమ్మ ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక గోడకి జారబడి కూర్చుంది. పలాసలో ఆమెకి డయాలసిస్ జరగాల్సిన రోజు తుపానులోనే పోయింది. అక్కడ మిషన్లు జనరేటరు మీద నడుస్తున్నాయట. ముందు ఫోన్ చేసి వంతు తీసుకుంటేనే రానిస్తారట. ఊళ్ళో చూస్తే ఒక్క ఫోనూ బతికి లేదు.

అలాంటప్పుడు తుపాను షెల్టరు దగ్గర ప్రత్యక్షమయ్యాడు ఈ మనిషి.

సోంపేట నుంచి వచ్చానన్నాడు. అంత ఉక్కలోనూ ఫుల్‌చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. సంచిలోంచి టిఫిన్ డబ్బా అంత పెట్టె తీశాడు. దానికి కరెంటు అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. స్పిరిట్ లాంటి మందు పోస్తే లోపల అదే కరెంటు పుట్టిస్తుందట. ఫ్యూయల్ సెల్ ఛార్జరంటారని చెప్పాడు. పొగ లేదు, మోత లేదు. పక్కనున్న సన్న గొట్టంలోంచి చుక్కచుక్కగా నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

డయాలసిస్ వాళ్ళున్న ఇళ్ళ ఫోన్లు ముందు పెడతానన్నాడు.

అలా అసిరయ్య ఫోను అందరికన్నా ముందు బతికింది. అక్కడే నిలబడి సెంటరుకి ఫోన్ చేశాడు. వంతులన్నీ నిండిపోయాయి, రేపు చూద్దామన్నారు. రేపటిదాకా బంగారమ్మ ఆగుతుందో లేదో వాళ్ళకేం పోయింది?

అంత కోపంలోనూ, సాయం చేసిన మనిషిని ఊరికే పంపకూడదని పడిపోయిన చెట్టు బొండం తెచ్చి చెక్కాడు. వద్దన్నాడు. పోనీ మంచినీళ్ళిస్తే అవీ వద్దన్నాడు. జేబులోంచి తడి రుమాలు తీసి పెదాలు అద్దుకున్నాడు.

అంతే, అసిరయ్యకి కోపం ఆగలేదు.

“మా ఊరి నీళ్ళంటే అంత బయ్యమేటి? తాగితే మా కిడ్నీల జబ్బు నీకూ ఒచ్చేత్తాదనా?”

“అది కాదండి...”

“నీలాటోళ్ళని శానామందిని సూసినాం. టెస్టులని సీసాల్తో నీళ్ళట్టుకెళ్ళినారు. రగతం అట్టుకెళ్ళినారు. మా గుక్కెడు నీళ్ళు మాత్రం ఒక్కడూ తాగడు. మా నీళ్ళొద్దు గానీ, నీ పెట్టి కార్సే నీళ్ళు తాగుతావేటి?”

నిజమే కదా అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆ మాట చాలింది. అసిరయ్య పెట్టెని కాలితో తన్నాడు.

పెట్టె దొర్లి బురదలో పడింది. దాని మీది పచ్చ దీపం ఆరిపోయింది.

ఆ మనిషి తిట్టలేదు. పెట్టె తీసి చొక్కాతో తుడిచాడు. మీట నొక్కిచూశాడు. వెలగలేదు.

“మీ ఇంటావిడ పేరేంటండి?” అనడిగాడు.

“ఎందుకు, రాసుకోడానికా?” అని అసిరయ్య మీదికి వెళ్ళబోయాడు. వెనకనుంచి ఎవరో పేరు చెప్పారు.

అతను తన ఫోను చూసుకున్నాడు. బ్యాటరీ ఎర్రగీతకి దిగిపోయి ఉంది. ఎవరికో ఫోన్ చేసి మాట్లాడుకుంటూనే, పడిన చెట్లు దాటుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి అసిరయ్య ఫోను మోగింది. ఒక వంతు ఖాళీ అయింది, బంగారమ్మని వెంటనే తీసుకురమ్మన్నారు.

కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాకా మోశారు. అక్కణ్ణుంచి ఆటోలో పలాస చేర్చారు. మిషన్ తిరిగిన కొంతసేపటికి బంగారమ్మ ఊపిరి కుదుటపడింది. దాహమంది.

సిస్టర్ నాగసుధ నీళ్ళివ్వలేదు. తడిగుడ్డతో ఆమె పెదాలు అద్దింది.

అసిరయ్య ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. ఈ జబ్బుకి కొబ్బరినీళ్ళు విషమని డాక్టరు చెప్పినప్పట్నుంచీ, పెళ్ళాం చేతిలోంచి బొండం లాక్కోవడమే ఇంట్లో తన పని.

సిస్టర్ ఫోను చెవిన పెట్టుకుని విసుక్కుంటోంది.

“ఎవులికమ్మా?” అనడిగాడు.

“ఉదయశంకర్ అని మా పేషెంటే. మొన్నటి డయాలసిసూ తప్పిపోయింది. ఇప్పుడింకో మిషన్ ఖాళీ అయింది, రమ్మందామంటే స్విచాఫ్. ఊరందరికీ ఛార్జింగు పెడతానని ఆ పెట్టె పట్టుకుని తిరుగుతన్నాడు, తన ఫోను ఆర్పేసుకున్నాడు.”

మళ్ళీ నంబరు నొక్కుతూ అంది.

“మీ ఆవిడ పడుకున్న మంచం ఇయాల ఆయనదే.”