నలభై ఐదు చుట్లు

"వీడు మన రికార్డుని తప్పు స్పీడులో తిప్పాడు!"

రాస్కో వారపత్రికను బల్ల మీదికి విసిరికొట్టాడు. కప్పులో కాఫీ తొణికింది.

వోయ్‌టెక్ పత్రికను తీసి చొక్కా చేత్తో తుడిచాడు. డెట్రాయిట్‌లో ఒక కార్ల షెడ్డు పైన, ఒంటిగదిలో, రికార్డులు వేసి అమ్మే లేబుల్ నడుపుతున్న మనిషి అతను. తొమ్మిదేళ్లలో ఆ పత్రిక అతని లేబుల్ గురించి నాలుగు వాక్యాలు రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు నిండు పేజీ రాసింది.

"తిడితే కోపం రావాలి గానీ, పొగిడితే కోపమేంటి పెద్దాయనా? విను. 'వాన వెలిశాక ఖాళీ ఫ్యాక్టరీ కప్పు నుంచి జారే చుక్కల్లాంటి నెమ్మది. ఇంత ఓపికైన సంగీతం ఈ ఊళ్లో విని చాలాకాలమైంది.' ఇంకేం కావాలి నీకు?"

"నెమ్మదేంటి? అది డాన్సు రికార్డు! వింటే కాళ్లు నిలవకూడదు. నలభై ఐదులో తిప్పాల్సింది ముప్ఫై మూడులో తిప్పి, పేజీ నింపాడు దద్దమ్మ."

ఫ్యాక్టరీ నుంచి ముందుగా వచ్చే నమూనా రికార్డుల మీద తెల్ల కాగితం తప్ప ఏమీ ఉండదు. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో పంపేవాడు చీటీ రాసి పెట్టాలి.

"చీటీ పెట్టావా?"

వోయ్‌టెక్ కిటికీ వైపు చూశాడు. "పెట్టాననే అనుకున్నా."

"అనుకున్నావు."

"అయిందేదో అయింది. ఇప్పుడు తప్పు దిద్దుకోమంటే ఇది రాసిన ఆ ఫిన్లే తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఈ జన్మలో మళ్లీ మన పేరు రాస్తాడా? పొద్దుటి నుంచి షికాగో షాపులు, టొరంటో షాపులు ఒకటే ఫోన్లు. నోరు మూసుకుందాం."

"వాళ్ల సంగతి నాకెందుకు? ఒడెట్‌కి ఏం చెప్పను?"

వోయ్‌టెక్ పత్రికను మడిచి పక్కన పెట్టాడు.

ఒడెట్ నది అవతల విండ్సర్‌లో ఉంటుంది. తన బాణీని ఇంట్లో ఉన్న మిషను మీద ఖాళీ డిస్కులో గాళ్లుగా కోసి పోస్టులో పంపుతుంది. రాస్కో దాన్ని నలభై ఐదులో తిప్పి తన యంత్రాల్లోకి ఎక్కించుకుని, చుట్టూ డ్రమ్ములు కడతాడు. ఆరేళ్లుగా ఇద్దరి మధ్యా ఒకటే కట్టుబాటు. ఒకరు చేసినదాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. అంతకు ముందు ఆ కట్టుబాటు తప్పిన ఇద్దరు స్నేహితులతో రాస్కో మళ్లీ మాట్లాడలేదు. వాళ్లలో ఒకడి అంత్యక్రియలకు కూడా వెళ్లలేదు.

పొద్దున ఒడెట్ నుంచి మెసేజ్ వచ్చింది. 'పేపరు చూశాను. బయల్దేరాను. ఎక్కడికీ పోకు.' రాస్కో దాన్ని ఇరవై సార్లు చదివాడు. ఎక్కడా దయ కనబడలేదు.

"నాకు తెలీకుండా నా బాణీని సాగదీసి, పేపరు వాళ్లకి వేరే కాపీ పంపావంటుంది. ఇవాళ్టితో సరి అంటుంది" అన్నాడు.

"జరిగింది చెప్పు."

"ఆమె స్థానంలో నేనుంటే నమ్మను."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఒడెట్ కోటు కూడా విప్పకుండా లోపలికొచ్చింది. చేతిలో మడత పెట్టిన పేపరు. వోయ్‌టెక్ కుర్చీ జరిపినా ఆమె అటు చూడలేదు.

"ఫిన్లేకి పంపింది ఏ కాపీ?"

"మనదే. అదే కాపీ. వాడే ముప్ఫై మూడులో తిప్పాడు. ఒట్టు ఒడెట్, నీ బాణీ మీద నేను చెయ్యి వెయ్యలేదు."

"వెయ్యలేదా?"

"వేసుంటే ఇంక నా మొహం చూడకు."

ఆమె రికార్డు ప్లేయరు వైపు చెయ్యి చూపించింది. "ముప్ఫై మూడులో పెట్టు."

"ఆ దరిద్రం మనమెందుకు వినాలి..."

"పెట్టు, రాస్కో."

పెట్టాడు. తన డ్రమ్ములు మోకాళ్ల నొప్పుల ముసలివాడు మెట్లెక్కినట్టు నడిచాయి. రాస్కో సిగ్గుతో నేల చూశాడు. అప్పుడు ఆమె బాణీ మొదలైంది. ఒక్కో స్వరం ఊపిరి పీల్చుకుని, తీరిగ్గా లేచి, తీరిగ్గా వాలింది. వోయ్‌టెక్ కాఫీ నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. నలభై ఐదులో వందసార్లు విన్న రాస్కోకి ఆ బాణీలో ఇంత చోటుందని తెలీదు.

దొంగచూపుగా ఒడెట్ వైపు చూశాడు. ఆమె కోటుతోనే కూలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. తెగతెంపులు చేసుకోవడానికి వచ్చినవాళ్ల మొహం కాదది. రాస్కో రికార్డుల పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"కోపం లేదుగా?"

"ఆరేళ్లుగా ఉంది. అడిగితే ఆ ఇద్దరితో మానేసినట్టు నాతోనూ మాటలు మానేస్తావని ఊరుకున్నాను." ఒడెట్ కళ్లు తుడుచుకుంది. "నువ్వు కావాలని చెయ్యలేదు. అమ్మయ్య, అది చాలు."

"నేనేం చేశాను?"

ఆమె తిరుగుతున్న రికార్డును చూపించింది.

"నీకు పంపే ప్రతి డిస్కూ నేను కోసేది ఈ స్పీడులోనే, రాస్కో."